నూలు చొక్కా

గుండీలు కోసేటప్పుడు ఓబులయ్య బట్ట వైపు చూడడు. ఎడమచేతి బొటనవేలు గుండీని తడుముకుంటూ పోతుంది. కుడిచేతిలో బ్లేడు దాని వెనకే వస్తుంది. తెగిన గుండీ డబ్బాలో పడుతుంది. తర్వాత కాలరు, తర్వాత జేబు, తర్వాత పక్కకుట్లు. చొక్కా చొక్కాగా లేకుండా పోయి, అరచేయంత పేలికలై కుప్పలో పడుతుంది. పొద్దున్నుంచి అట్లా ఎన్ని విప్పాడో ఆయనకు తెలియదు. ఎవరూ అడగరు.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డులో, ఊరు దాటినాక, ఎడమపక్క ఉందా ఫ్యాక్టరీ. పెద్దదేం కాదు. రెండు రేకుల షెడ్లు, ఒక బాయిలరు, ఒక తొట్టి. ఇంతకుముందు అది పత్తి మిల్లు. మిల్లు మూతపడి తాళాలు తుప్పు పట్టినాక, హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి తీసుకున్నారు. పత్తిలోంచి గింజలు తీసిన చోట ఇప్పుడు పాత నూలుబట్టల్లోంచి చక్కెర తీస్తున్నారు.

మొదట్లో ఎవరూ నమ్మలేదు. బట్టను ఆసిడ్ నీళ్ళలో ఉడకేస్తే కరిగి తీపినీళ్ళు అవుతుంది. సున్నం కలిపి ఆసిడ్‌ను విరిచి, వడగట్టి, మళ్ళీ కాస్తే బెల్లంపాకం లాంటిది మిగులుతుంది. దాన్ని డ్రమ్ములకెత్తి లారీలో పంపుతారు. అక్కడ పులియబెట్టి మందులకూ రంగులకూ ఇంకా దేనికో పనికొచ్చే సరుకు తీస్తారంట. మనుషులు తినడానికి కాదు.

"తింటే ఏమైతాది?" అని కొత్తలో ఎవరో అడిగితే గులాబ్‌బీ చెప్పింది. "ఏముంది, మా ఆయప్ప లుంగీ పిండుకోని తాగినట్టైతాది."

గులాబ్‌బీ ఓబులయ్యకు ఎదురుగా కూర్చుని పేలికలు వేరుచేస్తుంది. నోరు ఊరకుండదు. ఓబులయ్య నోరు తెరవడు. అందుకే ఇద్దరికీ సరిపోయింది.

బట్టలు ప్రొద్దుటూరు నుంచే వస్తాయి. టైలర్ల దగ్గర కత్తిరింపులు, లాడ్జీల దుప్పట్లు, పాత పంచెలు, దిండు గలీబులు. ఎలక్షన్లు అయిపోయినాక జెండాలు, బ్యానర్లు. అన్ని పార్టీలవీ వస్తాయి. రంగు పోగొట్టే మందులో వేస్తే అన్నీ ఒకటే తెలుపు అవుతాయి. ఆ తర్వాత ఏది ఎవరిదో గులాబ్‌బీ కూడా చెప్పలేదు.

ఓబులయ్య పని నూలును నూలుగా గుర్తుపట్టడం. వేళ్ళకు తెలిసిపోతుంది. తెలియకపోతే ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తాడు. నూలైతే కాయితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. టెర్రికాటన్ అయితే ముడుచుకుపోయి చివర నల్లటి పూస కడుతుంది. దాంట్లో నూలు సగం, ప్లాస్టిక్కు సగం. తొట్టిలో వేస్తే నూలు కరిగిపోయి ప్లాస్టిక్కు మిగులుతుంది. జల్లెడకు అడ్డం పడుతుంది. అందుకని దాన్ని పక్కన పారేస్తారు.

ఆ బేస్తవారం ఓబులయ్య వెనక, గోడ వారన, ఆయన తెచ్చుకున్న సంచి ఉంది. రోజూ అందులో సంగటి టిఫిను ఉంటుంది. ఆ రోజు సంగటి లేదు. చొక్కా ఉంది. వాళ్ళ అన్న యల్లయ్యను చంపినప్పుడు ఒంటి మీద ఉన్న చొక్కా.

ఓబులయ్య వాళ్ళది సింహాద్రిపురం పక్క పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. ఊళ్ళో రెండు పార్టీలు. ఎగవింటి రెడ్డిది ఒకటి, దిగవింటి రెడ్డిది ఒకటి. ఎవరు ఎటుపక్క అనేది పుట్టినప్పుడే తేలిపోయేది. ఒకసారి ఎలక్షన్లకు ఇద్దరు రెడ్లూ పార్టీలు మార్చుకున్నారు. ఇటు జెండా అటు పోయింది, అటు జెండా ఇటు వచ్చింది. చంపుకునేది అట్లనే ఉంది.

ఓబులయ్య ఎటుపక్కా కాడు. ఎవరూ రమ్మనలేదు కాబట్టి కాడు. మనిషి సన్నగా, కొంచెం వంగి, ఎదురొస్తే పక్కకు తొలిగి పోయే రకం. ఓటు వేద్దామని బడికాడికి పోతే ఆయన ఓటు ముందే పడిపోయి ఉండేది. "నీది అయిపోయింది పోప్పా" అంటే వెనక్కి తిరిగి వచ్చేవాడు. పెళ్ళయింది. భార్య తిరుపాలమ్మ కాన్పులో బిడ్డతో పాటే పోయింది. మళ్ళీ చేసుకోమని ఎవరూ అడగలేదు. ఆయన కూడా అడగలేదు.

అన్న పోయిన రోజు ఓబులయ్య ఊళ్ళో లేడు. ఎండాకాలం. గొర్రెలు తోలుకొని మైలవరం కట్ట కింద మేపుకుంటున్నాడు. కబురు అంది ఊరు చేరేసరికి అన్న శవాన్ని కాల్చేశారు. చొక్కా మటుకు దండెం మీద వేలాడుతోంది. నెత్తురు ఎండి గట్టిపడి, గాలికి ఊగకుండా, రేకులాగ నిలబడి ఉంది.

అది ఆ పల్లెల్లో పద్ధతి. నరికి చంపిన మనిషి చొక్కాను ఉతకరు. పెట్టెలో పెడతారు. ఆ ఇంట్లో మగపిల్లవాడు పెద్దవాడై, తండ్రిని చంపినవాళ్ళ మీదికి పోయే రోజు, ఆ చొక్కాను చంకలో పెట్టుకొని జీపు ఎక్కాలి. చొక్కా ఎవరి చేతిలో ఉంటే వాడు ఆ ఇంటి మనిషి. చొక్కా లేనివాణ్ణి ఎక్కించుకోరు. యల్లయ్య కొడుకు పెంచలయ్య అప్పటికి పాలు మరవలేదు.

మా అన్న ఏ పార్టీ కాదు, గొర్రెలు తోలుకొని వస్తుంటే ఊరికే చంపేశారు. అడిగినవాళ్ళకు ఓబులయ్య అదే చెప్పేవాడు. ఊరు వదిలి ప్రొద్దుటూరు వచ్చి పత్తి మిల్లులో చేరినప్పుడూ అదే చెప్పాడు. ఆయన జీవితంలో మనిషికి చెప్పుకోదగ్గ విషయం అదొక్కటే.

మొన్న ఆదివారం వదిన సంజీవమ్మ బస్సు దిగి ఆయన గది వెతుక్కుంటూ వచ్చింది. లోపలికి రాలేదు. గడప మీదే నిలబడింది. చేతిలో చొక్కా చుట్టిన కవరు ఉంది.

"ఏంది వదినా, చెప్పకుండా వచ్చినావు?"

"చెప్పి వస్తే వాడు రానిస్తాడా? బేస్తవారం జీపు వస్తాదంట అప్పా. దిగవింటాయప్ప కొడుకును ఎలక్షన్ల ముందరే తియ్యాలని ఎగవింట్లో అనుకున్యారు. మనోడు ముందర ఉండాలంట."

"వాడేమంటాడు?"

"అనేదేముంది. చిన్నప్పట్నించి నేనే గదా చూపిస్తా వచ్చింది, ఇదిగో మీ నాయన చొక్కా అని. ఇప్పుడు వద్దంటే ఇంటాడా?"

ఆమె కవరు గడప మీద పెట్టింది. మళ్ళీ తీసుకుంది. మళ్ళీ పెట్టింది.

"కాల్చేద్దామని పొయ్యి ముందర కూర్చున్యా. చెయ్యి రాలేదు. ఆయప్పను ఒకసారి కాల్చితిమి. మళ్ళీ యాడ కాల్చేది? యేట్లో ఏద్దామంటే నీళ్ళు ల్యావు, ఇసకే. మీ ఫ్యాక్టరీలో బట్టల్ని చక్కెర చేస్తారంట గదా. చక్కెరైతే పాపం రాదు గదా అప్పా?"

పాపం సంగతి ఓబులయ్యకు తెలియదు. "రాదు లే" అన్నాడు.

ఆమె వచ్చిన బస్సులోనే పోయింది.

ఆ తర్వాత రోజూ చొక్కాను సంచిలో పెట్టుకొని పనికి పోయాడు. రోజూ వెనక్కి తెచ్చుకున్నాడు. బేస్తవారం ఇంక తెచ్చుకోవడానికి లేదు.

పొద్దు కొంచెం ఎక్కినాక తొట్టికి సరుకు ఎత్తే వేళ అయింది. గులాబ్‌బీ నీళ్ళ కోసం బోరుకాడికి పోయింది. ఓబులయ్య కవరు విప్పి చొక్కాను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో దాన్ని చేతితో ముట్టుకోవడం అదే మొదలు. వేళ్ళకు ఏమీ తెలియలేదు. పైనంతా నెత్తురు అట్టకట్టి ఉంది. బట్ట అడుగున యాడో ఉంది. గోరుతో గీకితే గోధుమరంగు పొడి రాలింది. ఆయన గీకడం ఆపేశాడు.

ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించి చూడాలి. అనుమానం ఉన్న ప్రతి గుడ్డకూ చేసే పనే. అగ్గిపెట్టె జేబులోనే ఉంది. తీశాడు. పుల్ల గీశాడు. అది వేలికాడికి కాలి వచ్చేదాకా పట్టుకొని ఆర్పేశాడు. అన్న చొక్కాకు నిప్పు పెట్టలేకపోయాడు.

చించాలి కూడా. తొట్టిలో వేసేదేదైనా అరచేయంత పేలికలు చెయ్యాలి. బ్లేడు కాలరు మీద పెట్టాడు. నరికినచోట్ల అది ముందే చినిగి ఉంది. ఇంకా చించడానికి మనసు రాలేదు. గుండీలు కూడా కోయలేదు. గొర్రెలు కాసుకునే మనిషికి నూలు కాక ఇంకేముంటుంది అనుకున్నాడు. మడిచి తట్టలో పేలికల మధ్యలో పెట్టాడు.

తొట్టి రెండో షెడ్డులో ఉంది. కడప జిల్లాలో దేనికైనా నాపరాళ్ళే వేస్తారు. తొట్టికి మాత్రం వేయలేదు. ఆసిడ్ పడితే నాపరాయి నురగ కక్కుతుంది. అందుకని లోపలంతా సీసపు రేకు పరిచారు. కింద నేలకు పరిచిన నాపబండలు చుక్కలు పడి పడి మశూచి వచ్చిన ముఖంలాగ గుంటలు తేలాయి. ఆవిరి ముక్కులోంచి పోయి పళ్ళ చిగుళ్ళకు తగులుతుంది. అక్కడ పనిచేసేవాళ్ళ బట్టలు ఏడాది నిలవవు. ఓబులయ్య చొక్కా నిండా సన్నటి చిల్లులే.

తొట్టి మీద అమీర్ బాషా ఉంటాడు. ముఖానికి గుడ్డ కట్టుకొని పొడుగు కర్రతో కలియబెడతాడు. ఓబులయ్య కంటే చిన్నవాడు. మామా అని పిలుస్తాడు.

తట్ట అందుకుంటూ అమీర్ బాషా ఆగాడు. పేలికల మధ్యలోంచి చొక్కా చేయి ఒకటి బయటికి వచ్చి ఉంది. గోధుమరంగుది, బిరుసుది. ఆ జిల్లాలో పుట్టినవాడికి అది ఏమిటో చెప్పక్కర్లేదు.

"మామా."

"ఏసెయ్ బాషా."

"టెస్టు చేసినావా?"

"నూలుదే."

"చేసినావా అని అడుగుతాండా."

"మా అన్నది" అన్నాడు ఓబులయ్య.

అమీర్ బాషా మూత ఎత్తాడు. ఆవిరి వచ్చింది. చొక్కా నీళ్ళ మీద కాసేపు తేలింది. కర్రతో నెమ్మదిగా, నిద్రపోయేవాణ్ణి పక్కకు జరిపినట్టు, లోపలికి నెట్టాడు. మూత వేశాడు.

ఓబులయ్య వచ్చి తన చోట కూర్చున్నాడు. బ్లేడు తీసుకున్నాడు. చేతులు తేలికయ్యాయి. ఎప్పుడూ లేనిది, ఆయన తల ఎత్తి రోడ్డు వైపు చూశాడు. ఎర్రగుంట్ల పక్క నుంచి బండల లోడు లారీలు పోతున్నాయి. మైలవరం రూటులో ఆటోలు తిప్పే ఒకాయనను ఆయన ముందే అడిగి పెట్టుకున్నాడు, మా అన్న కొడుకు ఉండాడు, బండి నేర్పిస్తావా అని. పంపు చూద్దాం అన్నాడు. చొక్కా లేదంటే రెడ్డి వాణ్ణి ఎక్కించుకోడు. పెంచలయ్య రెండు రోజులు అలుగుతాడు. తర్వాత ఆటో నేర్చుకుంటాడు. మైలవరం డ్యాం కాడ చేపలు కొనుక్కొని వచ్చేవాళ్ళు ఎక్కుతారు. ఓబులయ్య అంత దూరం ఆలోచించడం చాలా ఏళ్ళ తర్వాత.

మధ్యాహ్నం అందరూ టిఫిన్లు విప్పారు. ఆయన విప్పలేదు.

"ఏం మామా, ఉపాసమా? మాకే ఇంకా రంజాన్ రాలేదే" అంది గులాబ్‌బీ.

"ఆకలి లేదు మ్మే."

"నీకు ఆకలి లేదు, మాట లేదు, పెండ్లాం లేదు. మిషను కొనకుండా నిన్ను పెట్టుకున్నోళ్ళు తెలివైనోళ్ళు."

ఓబులయ్య నవ్వాడు. ఆయన నవ్వడం చూసి గులాబ్‌బీ తినడం ఆపింది.

పెంచలయ్య ఎండ తగ్గుతుండగా వచ్చాడు. గేటు దగ్గర ఆగకుండా నేరుగా షెడ్డులోకి వచ్చేశాడు. అచ్చం యల్లయ్యే. అదే పొడుగు, అదే పక్కకు వాలిన మెడ. గడ్డం ఇంకా అక్కడక్కడే వచ్చింది. ఉతికిన ప్యాంటు, కొత్త చెప్పులు. రాత్రి నిద్రపోలేదని కళ్ళు చెబుతున్నాయి.

"యాడ చిన్నాయనా?"

"ఏంది?"

"నీకు తెల్సు. పెట్టె తీసి చూసినా. అమ్మ చెప్పేసింది."

ఓబులయ్య బ్లేడు కింద పెట్టాడు. "కరిగిపోయింది."

పెంచలయ్య పేలికల కుప్ప మీద కూర్చున్నాడు.

"ఊళ్ళో నన్ను ఏమంటారో తెల్సునా? నాయన చొక్కా పోగొట్టుకున్నోడు అంటారు. జీపు ఈడికే వస్తాది, ఈడికే రమ్మని చెప్పినా. చొక్కా యాడ అంటే ఏం చెప్పేది?"

"లేదని చెప్పు. ఎక్కించుకోరు."

"ఎక్కించుకోకుంటే?"

"ఇంటికి పో."

"పోయి?" అన్నాడు పెంచలయ్య. "పోయి ఏం జేసేది చిన్నాయనా? చెప్పు. గొర్లు ల్యావు. చేను బీడు. పదో తరగతి పోయింది. ఇదొక్క పనికేగదా నన్ను సాకింది."

ఆటో సంగతి చెబుదామని ఓబులయ్య నోరు తెరిచాడు. ఆ మాటకు ముందు ఆటో చాలా చిన్నదిగా కనిపించింది. అయినా చెప్పాడు. "మైలవరం రూట్లో ఆటో ఉంది. నేర్పిస్తారంట."

పెంచలయ్య ఆయన ముఖం వైపు చూశాడు. ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే బాగుండేది.

అప్పుడే రెండో షెడ్డులో అమీర్ బాషా అడుగు వాల్వు తిప్పాడు. గోధుమరంగు నీళ్ళు కాలవలో పడి సున్నపు తొట్టికి పోతున్న చప్పుడు. నీళ్ళు దిగిపోతే అడుగున జల్లెడ మీద మడ్డి మిగులుతుంది. దాన్ని ఎత్తి పారేయాలి. అది ఓబులయ్య పని. ఆయన లేచాడు. పెంచలయ్య కూడా వెంట వచ్చాడు.

అమీర్ బాషా కర్ర పట్టుకొని కదలకుండా నిలబడి ఉన్నాడు.

"మామా, దా ఇటు."

కర్ర లోపలికి పెట్టి పైకి ఎత్తాడు. కర్రకు చొక్కా వేలాడుతోంది. కాలరు ఉంది, చేతులు ఉన్నాయి, గుండీల పట్టీ ఉంది. నరికిన చోట్లు నరికినట్టే ఉన్నాయి. నెత్తురు లేదు. చొక్కా తెల్లగా, దోమతెరలాగ పల్చగా ఉంది. దాని వెనక ఉన్న అమీర్ బాషా ముఖం కనిపిస్తోంది. నూలంతా కరిగి పోయి ప్లాస్టిక్కు పోగులు మిగిలాయి.

"టెర్రికాటన్ గదా చిన్నాయనా" అన్నాడు పెంచలయ్య మెల్లగా. "కరగదని నీకు తెలీదా? నీ పనే అది గదా."

"మా అన్న టెర్రికాటన్ యాడ తొడిగినాడు?"

"రెడ్డి పెట్టినాడు. ఆ ఎలక్షన్లకు ఆయప్ప ఎంట తిరిగినోళ్ళకందరికీ ఒకటే తానులోది కుట్టించి ఇచ్చినాడంట."

"మా అన్న ఏ పార్టీ కాదు."

"ఎవురు చెప్పినారు నీకు? దిగవింటోళ్ళ గడ్డివామి అంటించి వస్తాంటే చేలల్లో పట్టుకున్యారు. ఊరంతా తెల్సు. నువ్వు అప్పుడు మైలవరంలో ఉంటివి."

ఓబులయ్య తొట్టి అంచు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ మిల్లులో, టీ కొట్లో, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు ఆయన చెప్పుకున్నది గుర్తొచ్చింది. విన్నవాళ్ళలో సింహాద్రిపురం వాళ్ళూ ఉండే ఉంటారు. ఎవరూ కాదనలేదు. కాదని చెప్పేంత లెక్కలోని మనిషి కాడని ఊరుకుని ఉంటారు.

"ఇది చాలు. చొక్కా చొక్కానే" అన్నాడు పెంచలయ్య.

ముందుకు వంగి రెండు చేతులూ చాపాడు.

ఆ తొట్టి దగ్గరికి ఎవరు వచ్చినా ముట్టుకోవద్దు అని చెప్పేది ఓబులయ్యే. లారీ డ్రైవర్లకు చెబుతాడు. గులాబ్‌బీ మనవరాలికి చెబుతాడు. కొత్తగా వచ్చిన కుక్కను కూడా కసురుతాడు. రోజు మొత్తం మీద ఆయన నోటి నుంచి ఇంకో మాట రాకపోయినా ఆ మాట వస్తుంది. పెంచలయ్య చేతులు చొక్కా వైపు పోవడం ఆయన చూశాడు. ముట్టుకోవద్దని అనలేదు.

పెంచలయ్య చొక్కాను గుప్పిళ్ళతో పట్టి గుంజుకున్నాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత అరిచాడు. ఆసిడ్ నీళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి. చొక్కా కింద పడింది. వాడు చేతులు విదిలించాడు, ప్యాంటుకు తుడుచుకున్నాడు, మళ్ళీ అరిచాడు.

గులాబ్‌బీ పరిగెత్తుకొచ్చి వాడి రెండు మణికట్లూ పట్టుకుంది. "తుడవాకు రా, తుడిస్తే తోలు వస్తాది. దా, నీళ్ళకాడికి దా." వాణ్ణి ఈడ్చుకుంటూ షెడ్డు వెనక బోరుకాడికి తీసుకుపోయింది. మోటారు వేసిన చప్పుడు వచ్చింది. నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు. ఆ రెండిటి మధ్యలో వాడి మూలుగు.

అమీర్ బాషా ఓబులయ్య వైపు చూశాడు. "చెప్పల్యా నువ్వు" అన్నాడు.

ఓబులయ్య కర్రతో చొక్కాను ఎత్తాడు. సున్నపు నీళ్ళలో ముంచాడు. తీసి మంచినీళ్ళలో జాడించాడు. రెండు చివర్లు పట్టుకొని పిండాడు. దులిపాడు. కాలరు సరిచేసి, చేతులు వెనక్కి మడిచి, పొట్లం చేశాడు. దుకాణంలో అమ్మేవాడు మడిచినట్టు మడిచాడు. ఎక్కడా తొందరపడలేదు. రోజూ చేసే పనిలాగే చేశాడు.

గేటు బయట హారను మోగింది.

పొద్దు గుంకుతోంది. ఆయన షెడ్డు దాటి వస్తుంటే గులాబ్‌బీ బోరుకాడి నుంచి వచ్చి ఎదురుపడింది. పిల్లవాడిని నీళ్ళ కింద కూర్చోబెట్టి గుడ్డ కోసం వచ్చినట్టుంది. చేతిలో ఆమె టిఫిను మూట కూడా ఉంది. మధ్యాహ్నం తినకుండా సగం ఉంచింది.

"పొద్దున్నించి ఏం తినల్యా నువ్వు. జొన్నరొట్టె సగం ఉంది, తిను."

"పిల్లోని చేతులు ఎట్లుండాయి?"

"బొబ్బలెక్కినాయి. నెల దినాలు ముద్ద కూడా కలుపుకోలేడు. ఇదిగో, తీసుకో."

"ఆడ పెట్టు మ్మే. వచ్చి తింటా."

ఆమె గోడ గూట్లో పెట్టింది. ఆయన చంకలో ఏముందో అడగలేదు. గేటు బయట ఎవరు వచ్చారో కూడా చూడలేదు. "వాణ్ణి చేతులు తియ్యనీకుండా పట్టుకో" అని ఆయన అంటే తల ఊపి వెనక్కి పోయింది.

రోడ్డు మీద తెల్ల సుమో నిలబడి ఉంది. నంబరు ప్లేటుకు మట్టి పూశారు. ముందు సీట్లో తలకు తువ్వాల చుట్టుకున్న మనిషి స్టీరింగు పట్టుకొని ఉన్నాడు. వెనక ఇంకో ఇద్దరు. వాళ్ళ కాళ్ళ దగ్గర బక్కెట్లో రంపపు పొట్టు, పొట్టులో బాంబులు.

"ఎవురప్పా నువ్వు?" అన్నాడు తువ్వాలాయన.

"యల్లయ్య తమ్ముణ్ణి."

"యల్లయ్యకు తమ్ముడుండాడా?"

వెనక నుంచి ఒకడన్నాడు. "ఉండాడు లే అన్నా. గొర్లు కాస్తాండె. ఊళ్ళో ఉన్యా లేనట్టే."

"పిల్లోడు యాడ?"

"చేతులు కాలినాయి. దేన్నీ పట్టుకోలేడు."

తువ్వాలాయన బయటికి ఉమ్మాడు. "ఇప్పుడే కాలల్ల వానికి. భయపడి కాల్చుకున్యాడా?"

"లేదు. నావల్ల కాలినాయి."

"చొక్కా?"

ఓబులయ్య చంకలోంచి తీసి ఇచ్చాడు. ఆయన విప్పి పైకి పట్టుకున్నాడు. చొక్కాలోంచి రోడ్డు కనిపించింది, రోడ్డు అవతల పొద్దుతిరుగుడు చేను కనిపించింది.

"ఇదేంది ఇట్లుంది?"

"ఇంతే మిగిలింది."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. నరికిన చీలికల్లో వేలు పెట్టి చూశాడు. ఆ చీలికలు ఆయనకు తెలుసు కాబోలు, వెనక్కి ఇచ్చేశాడు.

"యల్లయ్య ఇంట్లో నుంచి ఒకడు రావల్ల. ఎవురైతేనేం" అన్నాడు. "యాపొద్దన్నా బాంబు ఏసినావా?"

"ల్యా."

"అయితే గమ్మున కూర్చోనుండు. నీవల్ల అయ్యేది అదే. ఎక్కు."

ఓబులయ్య ఎక్కాడు. ఆయన్ను ముందు సీట్లో, తువ్వాలాయన పక్కన కూర్చోబెట్టారు. చొక్కా ఉన్నవాడు ముందరే కూర్చోవాలి. ఆయన ఇంతకుముందు ఏ బండిలోనూ ముందు కూర్చోలేదు. కాళ్ళు యాడ పెట్టుకోవాలో తెలియక కొంచెంసేపు అటూ ఇటూ జరిగాడు. షెడ్డు వెనక పెంచలయ్య చిన్నాయనా అని అరుస్తున్నాడు. మోటారు చప్పుడులో అది రోడ్డుదాకా రాలేదు.

సుమో జమ్మలమడుగు దాటింది. ముద్దనూరు దాటింది. పులివెందుల చేరలేదు. దార్లో వంక మీద మోరీ వంతెన దగ్గర ఎద్దులబండి అడ్డం పెట్టి ఉంది. వీళ్ళు వచ్చే సంగతి అవతలివాళ్ళకు ముందే తెలుసంట. బక్కెట్లో ఉన్నవి కూడా వీళ్ళ కిందే పేలాయి.

తెల్లారి పేపర్లో ముగ్గురి పేర్లు వచ్చాయి. ఏ పార్టీవాళ్ళో, ఎవరి అనుచరులో వచ్చింది. ముందు సీట్లో ఉన్న ముసలాయన పేరు లేదు. గుర్తు తెలియని వ్యక్తి అని వేశారు. సంజీవమ్మ పోయి చూసి చెప్పినాక పోలీసులు రాసుకున్నారు. పేపరువాళ్ళు మళ్ళీ రాయలేదు.

దినాలు కాకముందే ఎగవింటి మనుషులు సంజీవమ్మ ఇంటికి వచ్చారు. ఆమె గడపలో కూర్చొని కొడుకు చేతులకు కొబ్బరినూనె రాస్తోంది. వాళ్ళు ఒక కవరు తెచ్చారు. అందులో ఓబులయ్య చొక్కా ఉంది. చిల్లులు పడిన నూలు చొక్కా, నెత్తుటితో బిరుసెక్కి ఉంది.

"పెట్టెలో పెట్టుకోమ్మా" అన్నారు.

ఆమె చేయి చాపలేదు. వాళ్ళు కాసేపు చూసి, కవరును తలుపు గొళ్ళానికి తగిలించి పోయారు. పెంచలయ్య దాని వైపు చూస్తూ ఉన్నాడు. ఆమె వాడి చూపుకు అడ్డంగా జరిగి కూర్చుంది. వాడు కూడా పక్కకు జరిగి చూశాడు.

ఫ్యాక్టరీలో ఆ వారం తొట్టి ఆగలేదు. ఓబులయ్య చోట్లో ఇంకొకామె కూర్చుంది. ప్రతి గుడ్డనూ కళ్ళ దగ్గర పెట్టుకొని చూసి కోస్తోంది, పని సాగడం లేదు. గులాబ్‌బీ ఆమెను ఏమీ అనలేదు. ఆ వారమంతా ఎవరినీ ఏమీ అనలేదు. ఊడ్చేటప్పుడు కూడా ఆ గోడ వారకు పోకుండా ఇవతలి నుంచే చీపురు తిప్పుకొని వచ్చేది. అక్కడ గూట్లో జొన్నరొట్టె ఎండిపోయి, అంచులు పైకి లేచి, నడిమధ్యలో ఆమె చేతివేళ్ళ అచ్చులతో అట్లనే ఉంది.